గుమ్మం దాటని గోపురం

మా ఎదురువాటా గెనోవెఫా కోటలో ఉద్యోగం చేసినన్నాళ్ళూ ప్రపంచమంతా ఆవిడ ఇచ్చిన చెప్పులు తొడుక్కుంది. క్రాకోవ్ రాజుల కోటలో పాత చెక్కనేల గీతలు పడకుండా, చూడవచ్చినవాళ్ళు తమ బూట్ల మీద మెత్తటి కంబళి చెప్పులు తొడుక్కోవాలి. ఆ చెప్పుల పెట్టె పక్కన స్టూలు వేసుకుని కూర్చునేది గెనోవెఫా. రాయబారి వచ్చినా బిషప్పు వచ్చినా "ముందు కాళ్ళు" అనేది, మొహం చూసేది కాదు. ఒక మంత్రిగారు తన బూట్లు శుభ్రంగానే ఉన్నాయన్నాడట. "మీ బూట్ల మీద నాకేం కోపం లేదండీ, నేల మీద ప్రేమ, అంతే" అందట ఈవిడ. మంత్రిగారు నోరెత్తకుండా తొడుక్కున్నాడట. ఈ కథ ఆవిడ నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ ఆ మంత్రిగారి హోదా ఒక మెట్టు పెరిగేది.

నేను ట్రాము నడిపి రిటైరైనవాణ్ణి. మూడో అంతస్తులో మా తలుపులు ఎదురెదురు. ఇన్నేళ్ళ ఇరుగుపొరుగులోనూ మేము ఒకరినొకరు "మీరు" అనే అనుకుంటాం, తిట్టుకునేటప్పుడు కూడా. మా తరంలో అదే మర్యాద.

కోట ఆవిడ ఉద్యోగం మాత్రమే. బతుకంతా వంటగది బల్ల మీద ఉండేది. షోప్కా కట్టేది. అంటే బాల ఏసు పుట్టిన పాక. కానీ మా ఊళ్ళో ఏసు పాకలో పుట్టడు. మరియ చర్చి జంట గోపురాలు, కోటలోని బంగారు గుమ్మటం, చౌరస్తా నడుమ ఉన్న బట్టల అంగడి తోరణాలు, అన్నీ కలిపి అట్టలతో ఒక మేడ కట్టి, దానికి చాక్లెట్ల రేకు కాగితాలు అతికించి, ఆ జిగేలు మేడలో పుట్టిస్తాం. చలికాలంలో పనిదొరకని తాపీమేస్త్రీలు మొదలుపెట్టిన అలవాటది. గెనోవెఫా తండ్రి తాపీమేస్త్రీ. భర్త లియోన్ గోడలకు పూతపని చేసేవాడు. అట్టలు కొయ్యడం లియోన్ వంతు, కాగితం అతికించడం ఆవిడ వంతు, వాదించుకోవడం ఇద్దరి వంతూ.

చాక్లెట్లు తినడం మాత్రం మా మేడలో అందరి వంతు. నాకు షుగరు. డాక్టరు చూసినప్పుడల్లా చీవాట్లు పెడతాడు. అయినా ప్లమ్ పండు చాక్లెట్ల డబ్బా పట్టుకుని ఆవిడ గుమ్మంలో నిలబడితే వద్దనడానికి నాకు నోరు రాదు.

"ఊదారంగు కాగితం తగ్గిపోయిందండీ ఇగ్నాత్సీ గారూ. రెండు తినండి."

"నేను పోతే మీదే పాపం."

"పోయేలోగా కాగితం చింపకుండా విప్పండి."

కిందటేడు లియోన్ ఆసుపత్రిలో పడ్డాడు. చూడవచ్చినవాళ్ళందరూ చాక్లెట్లే తెచ్చారు. తినే ఓపిక ఆయనకెక్కడిది? చాక్లెట్లు నర్సులకిచ్చి, బంగారు రంగు కాగితాలు మాత్రం దగ్గర పెట్టుకుని, చెంచా వెనకవైపుతో మంచం మీదే ఒక్కొక్కటీ సాపుచేసేవాడు. మాట పడిపోయాక కూడా చెంచా కదులుతూనే ఉండేదట. చివరి కాగితం సగం సాపై, సగం నలిగి ఉండగా చెయ్యి ఆగిపోయింది.

ఆ కాగితాలతోనే ఈ ఏడు పెద్ద గోపురం కట్టింది గెనోవెఫా. మరియ చర్చి గోపురాల్లో ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. పొడుగుదాని పైకిటికీలోంచే గంటగంటకీ బూర ఊదుతారు. ఎప్పుడో శత్రువులొస్తున్నారని హెచ్చరిస్తూ ఊదుతున్నవాడి గొంతులో బాణం దిగిందట. వాడి పాట ఎక్కడ ఆగిందో, ఇప్పటికీ అక్కడే ఠక్కున ఆపేస్తారు. ఆ బూర కిటికీ చుట్టూ ఒక కాగితం నలిగి ఉండడం చూసి, సాయం చేద్దామని వేలితో సాపుచెయ్యబోయాను. ఆవిడ నా చేతిమీద ఒక్కటి వేసింది. అప్పుడు చెప్పింది అది ఏ కాగితమో. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, అబద్ధమెందుకు.

"ఈసారి మొదటి బహుమతి నాదే" అని ఎండాకాలంలోనే మేడంతా చాటింది. "ఆ గోపురం చౌరస్తాలో నిలబడాలి. తన కాగితాలు ఎక్కడిదాకా చేరాయో ఆయనకి తెలియాలి." అంతే ఆవిడ కోరిక. బహుమతి మాట మా కోసం, గోపురం మాట తన కోసం.

షోప్కాల పోటీ డిసెంబరు మొదటి గురువారం. పొద్దున్నే చౌరస్తాలోని కవి విగ్రహం మెట్ల మీద పెట్టాలి. చాలామంది ముక్కలుగా చేసి అక్కడ బిగించుకుంటారు. వాళ్ళంటే ఈవిడకి చిన్నచూపు. "విప్పి బిగించేది షోప్కా కాదు, బీరువా" అనేది. లియోన్‌దీ అదే పట్టుదల. మొత్తం ఒక్కటిగా అతికిస్తేనే కదలకుండా నిలుస్తుందని. వాళ్ళ వాటా పాత తలుపు రెండు రెక్కలది, ఏనుగు పట్టేంత ఎత్తు. ఏ ఏడూ వాళ్ళు తలుపు కొలిచిన పాపాన పోలేదు.

శరదృతువులో ఇంటి యాజమాన్యం తలుపులన్నీ మార్పించింది. అందరికీ ఒంటిరెక్క ఇనుప తలుపు. పైన ఖాళీని ఇటుకలతో పూడ్చేశారు. "చలిగాలి రాదు, చప్పుడు లేదు" అని ఆ తలుపును మా అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్నది గెనోవెఫానే.

గురువారం పొద్దున కింద కూరగాయల కొట్టు హెన్రిక్ తన వ్యాను తెచ్చాడు. ముగ్గురం షోప్కాను బల్ల మీంచి ఎత్తి నడవాలోకి తెచ్చాం. నేను వెనక్కి నడుస్తూ గడప దాటాను. పైన ఏదో టక్కుమంది. పెద్ద గోపురం గుమ్మానికి తగులుతోంది. కొన ఒక్కటే కాదు, బూర కిటికీ దగ్గర్నుంచీ పైదంతా ఎక్కువైంది.

పక్కకు వంచి చూశాం. రెండోవైపు గుమ్మటం గోడకు రాసుకుని కాగితం లేచిపోయింది. కిటికీలోంచి దించుదామంటే మధ్యలో అడ్డకమ్మీ. ఇనుప చట్రం ఊడదీద్దామంటే సిమెంటులో పాతేశారు.

"కొలవలేదా?" అన్నాడు హెన్రిక్.

"నా ఇంటి తలుపు నాకు తెలియదా?" అని కసిరింది. అని, ఆ కొత్త తలుపు వంక చూసి, నోరు మూసుకుంది. గెనోవెఫా నోరు మూసుకోగా నేను చూడడం అదే మొదటిసారి.

నేను ఉండబట్టలేక అన్నాను. "పోనీ పైముక్క కోసి ఇంట్లోనే ఉంచేద్దామండీ. మిగతాది పట్టుకెళదాం."

"పొడుగు గోపురం పొట్టిదానికన్నా పొట్టిగా ఉంటుందా? చౌరస్తాలో పావురాలు కూడా నవ్వుతాయి. మీరు ఈ ఊళ్ళోనే పుట్టారా అసలు?"

"మరేం చేద్దాం? పైఏడు చూసుకుందామా?"

ఆవిడ వంటగదిలోకి వెళ్ళి లియోన్ సన్నపళ్ళ రంపం పట్టుకొచ్చింది. స్టూలు లాక్కుని ఎక్కింది. ఆ కాగితాల మీద రంపం పెడుతుందని కలలో కూడా అనుకోలేదు.

"నేను కోస్తానండీ, మీరు చూడకండి" అన్నాను.

"నువ్వు పట్టుకో, ఇగ్నాత్సీ. గట్టిగా పట్టుకో. కొయ్యాల్సింది నేనే."

నలిగిన కాగితానికి సరిగ్గా కిందుగా కోసింది. పైముక్కను తన మెడశాలువాలో పసిపిల్లలా చుట్టి హెన్రిక్ చేతికిచ్చి, "వ్యాను ముందు సీటులో నా ఒళ్ళో పెట్టు. నడవండి" అంది.

చౌరస్తాలో కవి విగ్రహం మెట్ల మీద నిలబెట్టి పైముక్క అతికించాం. మంచుకి జిగురు సరిగ్గా పట్టలేదు. ముక్క నిలిచింది గానీ, కోత చుట్టూ తెల్లటి అట్ట గీత బయటపడింది. చుట్టూ షోప్కాలు వెలిగిపోతున్నాయి, గుర్రబ్బండ్ల నుంచి దిగిన యాత్రికులు ఫోటోలు తీసుకుంటున్నారు, నాకేమో ఆ గీత తప్ప ఏమీ కనబడటం లేదు. మ్యూజియం తరఫున తిరుగుతున్న ఒక చిన్నావిడ వచ్చి ఆగింది. మంచి పిల్ల.

"అమ్మా, ఈ గీత ఏంటి?"

"మా కొత్త తలుపు."

ఆ అమ్మాయికి ఏమీ బోధపడలేదు. "నా దగ్గర బంగారు కాగితం ఉంది. న్యాయనిర్ణేతలు వచ్చేలోగా ఒక పట్టీ చుట్టేద్దాం, కనబడదు" అంది.

అప్పుడే పైన అసలు గోపురంలో మధ్యాహ్నం బూర మొదలైంది. చౌరస్తాలో మనుషులంతా తలలెత్తారు. పాట పైకి లేచి, లేచి, ఠక్కున ఆగిపోయింది. గెనోవెఫా అది ఆగేదాకా విని, ఆ అమ్మాయి వైపు తిరిగింది.

"అదిగో, రోజూ మధ్యలోనే ఆగిపోతోందిగా. దానికెవరైనా అతుకు వేశారా?"

అమ్మాయి కాగితం సంచిలో పెట్టేసుకుంది. నేను మొహం అటు తిప్పుకుని, చలికి ముక్కు కారుతున్నట్టు తుడుచుకున్నాను.

రెండో బహుమతి వచ్చింది. "నిర్ణేతలకి కళ్ళజోళ్ళు మార్పించాలి" అని ఆవిడ తీర్పు. ఆ సాయంత్రమే రంపాన్ని కొత్త తలుపు పక్కన మేకుకి తగిలించింది.

"పైఏడైనా తలుపు కొలుస్తారా?" అన్నాను.

"ఎందుకండీ? రంపం ఉందిగా" అంది, మళ్ళీ మర్యాదలోకి వచ్చేసి.

టీలో నిమ్మచెక్క వేసి ఇచ్చి, చాక్లెట్ల డబ్బా నా ముందుకు తోసింది. నేను ఒకటి విప్పి నోట్లో వేసుకుని, కాగితాన్ని చెంచాతో సాపుచెయ్యడం మొదలుపెట్టాను. సగంలో లియోన్ గుర్తొచ్చి నా చెయ్యి దానంతటదే ఆగిపోయింది. ఆవిడ చూసింది. తర్వాత చెంచాను తిరిగి నా వేళ్ళలో సరిగ్గా పెట్టింది.

"సగంలో వదలడం ఆయనొక్కడికే చెల్లిందండీ ఇగ్నాత్సీ గారూ. మీరు పూర్తిగా చెయ్యండి."