తడిసిన చాప

కొత్తపేట దగ్గర ఓ ఊళ్ళో రామలక్ష్మి చేసే మామిడి తాండ్రకి పేరుంది. ఆవిడ నాలుక కూడా సామాన్యమైంది కాదు. కళ్ళు మూసుకుని ముక్క నోట్లో వేసుకుని, ఇది మబ్బుల ఏడాదిది, ఇది పిందె మీద వాన పడ్డ ఏడాదిది అని చెప్పేస్తుంది. తోట ఒకటే, చెట్లూ అవే, అయినా ఏ ఏడాది తాండ్ర ఆ ఏడాదిదే. వానలెక్కువైతే కాయలో నీరు చేరి తాండ్ర చప్పబడుతుంది. ఎండ ముదిరితే కాయ చిన్నదై, రసం చిక్కబడి, తాండ్ర ఎర్రగా దిగుతుంది.

ఏటా ఒక ముక్క జాడీలో దాచడం ఆ ఇంటి అలవాటు. అందులో ఆవిడకి ప్రాణం లాంటిది మాత్రం ఆరేళ్ళ నాటి ముక్క. భర్త అప్పారావు చేసిన ఆఖరి తాండ్ర అది. చేసిన మూడు నెలలకే ఆయన గుండెపోటుతో పోయాడు. ఏటా వేసవిలో దాన్ని గోరంత గిల్లి నోట్లో వేసుకుంటుంది. తీపి వెనకాల చిన్న పులుపు, నాలుక చివర చురుక్కుమంటుంది. ఆ తర్వాత ఏ తాండ్రకీ ఆ చురుకు రాలేదు. ఎంత ఏడ్చినా రాని మనిషి, ఆ కాసేపూ పక్కన కూర్చున్నట్టే ఉంటుంది. ముక్క అరిగి అరిగి ఈ ఏడాదికి గోరంతే మిగిలింది. అది అయిపోయేలోగా ఆ రుచి తన చేత్తో తేవాలి. ఇక ఆవిడకి వేరే ధ్యాస లేదు.

ఎండలు మండిపోబట్టే ఆ రుచి వచ్చిందని రామలక్ష్మి నమ్మకం. ఈ ఏడూ అచ్చం అలాగే వచ్చింది. మంచు ఆలస్యంగా విడిచింది, పూతా ఆలస్యమే, చైత్రంలో చినుకన్నది లేదు, కాయలు గుప్పెట్లో ఇమిడేంత.

"ఆ ఏడాదే తిరిగొచ్చిందమ్మా," అంది కోడలు ప్రశాంతితో.

ఇద్దరూ పెరట్లో చాపలు పరిచి, బెల్లం కలిపిన రసం రోజుకో పొర పూస్తూ వచ్చారు. పదహారో పొర ఆరాక ఆవిడ ఓ ముక్క గిల్లి చూసింది. ఎర్రగా ఉంది, తియ్యగా ఉంది, వంక పెట్టడానికి లేదు. చురుకే లేదు. ఆవిడకి ఏడుపొక్కటే తక్కువ.

మర్నాడు మధ్యాహ్నం గోదావరి వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చింది. అత్తాకోడళ్ళు టార్పాలిన్లు తీసుకుని పరిగెత్తారు. ఆఖరి చాప దగ్గర రామలక్ష్మి చెయ్యి ఆగిపోయింది.

ఆ ఏడాదీ ఇలాగే ఒక చాప తడిసింది. కాపలా ఉండమంటే అప్పారావు అరుగు మీద హాయిగా గురక పెట్టాడు. ఆవిడ నానా మాటలూ అని, రెండు రోజులు మొహం చూడలేదు. ఆయన మర్నాడు ఎండ కాశాక, ఆ చాప మీదే మరో పొర పూశాడు. తడిసిన తాండ్ర ఊళ్ళోవాళ్ళకి ఇవ్వలేక ఇంట్లోకే ఉంచుకున్నారు. కోసిన రోజు ఓ ముక్క ఆవిడ చేతిలో పెట్టి, "ఎలా ఉందో చూడు లక్ష్మీ," అన్నాడు. "తడిసింది ఎలా ఉంటుందేంటి?" అని ఈవిడ రుచైనా చూడకుండా జాడీలో పడేసింది. ఆ ముక్కే ఇది. ఆరేళ్ళూ ఎండకి దణ్ణం పెట్టింది గానీ, ఆ చినుకు సంగతి తట్టనే లేదు మహాతల్లికి.

"అత్తయ్యగారూ, తడిసిపోతందండీ!" ప్రశాంతి అరిచింది.

"తడవనియ్యమ్మా."

"పాడైపోద్దండీ!"

"ఆయ్, తెలుసు. మీ మావయ్యగారూ ఇలాగే పాడుచేసేరు."

వాన అయిదు నిమిషాలు పడి వెలిసింది. మర్నాడు ఎండ కాశాక ఆ చాప మీద ఇంకో పొర పూసింది. నాలుగు రోజులు ఎండనిచ్చి కోసింది. జాడీలో మిగిలిన గోరంతా ముందు నోట్లో వేసుకుంది, ఆ వెనకే కొత్త ముక్క. చురుక్కుమంది.

"ఎలా ఉందండీ?" ప్రశాంతి ఆత్రంగా అడిగింది.

రామలక్ష్మికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆయన అడిగిన రోజే నోట్లో వేసుకుని ఉంటే ఏం పోయేది! ఆయన గురక పెట్టిన అరుగు వైపు తిరిగింది.

"బాగుందండీ," అంది. "చాలా బాగుంది."

అరుగు ఖాళీగా ఉంది.