గొర్రెపిల్ల రక్తం

గద్వాలలో మటన్ దుకాణం ముందు నిలబడితే చాలు, ఆ పచ్చి రక్తం వాసనకు గట్టు మండలంలోని మా ఊరి చర్చి గుర్తొస్తుంది.

యేసోబు మామ ఆదివారం పొద్దున్నే గొర్రెలు కోసి, మరకల అంగీతోనే ఆరాధనకు వచ్చేవాడు. తెల్లబట్టల పెద్దలు ఆయనను గుమ్మంలో చెప్పుల పక్కన కూర్చోబెట్టేవారు. "గొర్రెపిల్ల రక్తంలో కడగబడినవాళ్లే ధన్యులు" అని పాస్టరయ్య అన్నప్పుడల్లా నేను మామనే చూసేదాన్ని. అంతమందిలో గొర్రె రక్తం అంటింది ఆయనకొక్కరికే కదా!

ఒక ఆదివారం మా చిన్నాయన తాగి, గొడ్డలితో చర్చిలోకి దూసుకొచ్చాడు. చిన్నమ్మను జుట్టు పట్టి ఈడ్చాడు. ఆమె తలను గోడకేసి కొట్టాడు.

"నడ్మ ఎవడన్న వస్తే నరుకుత!" అని అరిచాడు.

తెల్లబట్టలన్నీ గోడకు అతుక్కుపోయాయి. చెప్పుల దగ్గర్నుంచి లేచి మామ అడ్డం పడ్డాడు. గొడ్డలి ఆయన భుజంలో దిగింది. ఇంకో చేత్తో చిన్నాయన మెడ పట్టి, గొర్రెను పడేసినట్టే నేలకేసి అదిమాడు.

"కోస్తవా మామా?" అని ఏడ్చాను.

"కొయ్య బిడ్డా. జర మీ చిన్నమ్మను చూడు పో," అన్నాడు. ఆయన అంగీ ఎర్రగా తడిసిపోతోంది. ఈసారి అది గొర్రె రక్తం కాదు.

భుజం మానాక మామ మళ్లీ వచ్చాడు. పెద్దలు ముందుకు రమ్మన్నా చెప్పుల పక్కనే కూర్చున్నాడు. చిన్నమ్మ లేచి వెళ్లి అక్కడే కూర్చుంది.

పాస్టరయ్య చెప్పిన గొర్రెపిల్ల యేసుప్రభువని, ఆ మాట మామ గురించి కాదని పెద్దయ్యాక తెలిసింది. అయినా ఆ మాట విన్నప్పుడల్లా నాకు కనబడేది ఆ మరకల అంగీయే.