పెట్టెకు రెండు సంచుల కొసరు

మా వదిన, అంటే మా ఆయన అక్క, గుడ్డ సంచులు కుట్టించి దుకాణాలకు వేస్తుంది. కుట్టేవాళ్లు ఆరుగురు. పెట్టెలు సర్దే పని మా ఆయనది. ఆయన పోయాక ఇంట్లో ఒక్కదాన్నే ఉండలేక, ఆ పని నేనే అడిగి తీసుకున్నాను.

ఈ ఏడాది విదేశంలో వ్యాపారం చేసే ఒకావిడ మా సంచులు కావాలంది. వదిన దుకాణాల పని ఆపేసి ఇదే పట్టుకుంది. అక్కడి పద్ధతులు తెలియాలని నెల రోజులు క్లాసుకు వెళ్లింది.

"ఫోన్ ఎత్తగానే పిల్లలెంతమంది అని అడక్కూడదట. చెప్పిన టైముకే మాట్లాడాలట. నిమిషం దాటినా మన మీద గురి పోతుందట."

"అయితే నువ్వు పనికిరావులే అక్కా," అంది గుడ్డ కత్తిరించే ఆవిడ. "పదింటికి వస్తానని పన్నెండింటికి దిగుతావు."

వదిన నవ్వేసింది. మర్నాడు మాత్రం తొమ్మిదిన్నరకే వచ్చింది.

అన్నీ నేర్చుకుంది గానీ పెట్టెల సంగతి ఎవరికీ తట్టలేదు. మా ఆయన ప్రతి పెట్టెలో యాభై సంచుల మీద రెండు కొసరు వేసేవారు, దుకాణంవాళ్లు సంతోషిస్తారని. నేనూ అలాగే వేశాను. కాగితంలో యాభై, పెట్టెలో యాభై రెండు. అక్కడి రేవులో అధికారులు తెరిచి చూసి సరుకంతా ఆపేశారు.

"ఎక్కువే కదా వదినా వేశాను, తక్కువ కాదుగా!"

"ఎక్కువైనా తప్పేనటమ్మా. దాచి పంపినట్టే చూస్తారట."

మర్నాడు ఆ వ్యాపారి ఫోన్ చేస్తానంది. ఆర్డరు పోతే ఆరుగురికీ పని ఉండదు. క్లాసు మాస్టారు ఆవిడ మాటలు మాకూ, మా మాటలు ఆవిడకూ ఆ భాషలో చెప్పడానికి వచ్చి, ముందే హెచ్చరించాడు.

"కష్టాలు చెప్పకండి. ఏం జరిగింది, ఏం మారుస్తారు. అంతే."

ఫోన్ మోగింది.

"సర్దిందెవరని అడుగుతున్నారు," అన్నాడు మాస్టారు.

వదిన నా వైపు చూసింది. తమ్ముడు పోయిన మాట గొంతు దాకా వచ్చినట్టుంది, మింగేసింది.

"మా ఇంటి మనిషే. ఇకనుంచి సర్దదు. నేనే సర్దుతాను."

నేను తలూపాను. ఇంకేం చేయగలను?

సరుకు కదిలింది. ఇప్పుడు పెట్టెల గదిలో వదిన ఒక్కతే, లోపల గడియ వేసుకుని. పలకరిస్తే లెక్క తప్పుతుందట. పొద్దున దూరితే కుట్టేవాళ్లు ఇళ్లకు వెళ్లే వేళకూ బయటికి రాదు. నన్ను వెళ్లిపొమ్మని ఎవరూ అనలేదు, పని మాత్రం ఏమీ లేదు. తలుపు ఇవతల స్టూలు మీద కూర్చుని, లోపల ఆవిడ యాభై దాకా లెక్కపెట్టి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం వింటుంటాను.