పిస్టల్‌కి పెట్టిన బొట్టు

మొన్న దసరా రోజు నేను ఇంటికి పెరుగు తేలేకపోయాను. ఎందుకు తేలేకపోయానో చెప్తే మీ చేతుల్లో టీ ఒలుకుతుంది, కప్పులు ముందే కింద పెట్టేయండి. పద్మజా, నువ్వు అప్పుడే నవ్వకు. నువ్వు మొదలెడితే నేను చెప్పలేను.

అసలు ఇదంతా గ్యారీ వల్ల వచ్చింది. మా పక్కింటి గ్యారీ తెలుసుగా, పేద్ద గడ్డం, మంచు పడుతున్నా నిక్కరే వేసుకుంటాడు. ఆయన నడుముకి ఎప్పుడు చూసినా పిస్టల్ వేలాడుతూ ఉంటుంది. గడ్డి కోస్తున్నా పిస్టలే, మెయిల్‌బాక్స్ దగ్గరికెళ్లినా పిస్టలే, హార్డ్‌వేర్ షాపులో నాలుగు మేకులు కొనాలన్నా పిస్టలే! మన మిషిగన్‌లో అలా పైకి కనపడేలా పెట్టుకుని తిరగొచ్చు. ఓపెన్ క్యారీ అంటారు. పైగా ఆయన్ని చూసి మన నోవై ఊళ్లో ఒక్క మనిషి ఉలిక్కిపడగా నేను చూళ్లేదు. "హే గ్యారీ!" "మార్నింగ్ గ్యారీ!" అంతే.

మరి నా సంగతి? కాలనీ అసోసియేషన్ మీటింగ్‌లో చెత్త డబ్బాల గురించి నేను నోరు తెరిస్తే "థాంక్యూ, నెక్స్ట్" అంటారు. గ్యారీ గొంతు సవరించుకుంటే చాలు, హాలంతా గప్‌చుప్. ఇదంతా ఆ పిస్టల్ మహిమేనని నాకు గట్టి నమ్మకం కుదిరిపోయింది. వేరే మహిమ ఏమైనా ఉందేమోనన్న ఆలోచనే రాలేదు. కార్ల కంపెనీలో ఇంజినీర్ని కదా, కంటికి కనపడే పార్టునే పట్టుకుంటాను.

ఆ టైమ్‌లోనే నాకు సిటిజన్‌షిప్ వచ్చింది. గ్యారీ ఫెన్స్ అవతల నుంచి చెయ్యి చాపి, "నౌ యూ ఆర్ వన్ ఆఫ్ అస్, సూ!" అన్నాడు. సుధాకర్ అనడం ఆయనకి రాదు, అందుకని సూ. ఆ మాట నా నెత్తికెక్కింది. వన్ ఆఫ్ అస్! అంటే గ్యారీకి ఉన్న హక్కులన్నీ ఇక నాకూ ఉన్నట్టే కదా? ఉన్నాయో లేదో తేల్చుకోవాలనిపించింది. ఆయన వెంట షూటింగ్ రేంజ్‌కి వెళ్లాను, నేర్చుకున్నాను, కాగితాలన్నీ పక్కాగా చేసి పిస్టల్ కొన్నాను. అచ్చం గ్యారీ మోడలే, అదే నల్ల రంగు. హోల్‌స్టర్ కూడా అదే, అంటే నడుముకి కట్టుకునే తోలు సంచీ.

ఇంటికి తెస్తే పద్మజ ఏమందో తెలుసా? "ఎవర్ని కాలుస్తారండీ? పెరట్లో ఉడతల్నా?" అంది. అని ఊరుకుందా? బుల్లెట్లు తీసుకెళ్లి తన లాకర్‌లో పెట్టేసి, తాళంచెవి మంగళసూత్రానికున్న పిన్నీసుకి తగిలించుకుంది. అలా పిస్టల్ నా దగ్గర, బుల్లెట్లు ఆవిడ దగ్గర. బుల్లెట్లు లేకపోతే ఏం, జనం చూసేది పిస్టల్‌నే కదా అని నేనూ సర్దుకున్నాను.

ఇంతలో దసరా వచ్చింది. మా అత్తయ్యగారు తెనాలి నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. ఆయుధపూజ అంటే ఆవిడకి పూనకమే! కారు తాళాలు, నా లాప్‌టాప్, రైస్ కుక్కర్, మంచు ఊడ్చే మిషను, అన్నీ వరసగా పేర్చి బొట్లు పెట్టేశారు. పెట్టేసి నా వైపు తిరిగారు.

"మీది కూడా తెండి అల్లుడుగారూ. ఇంట్లో అసలైన ఆయుధం అదొక్కటే. మిగతావన్నీ సామాన్లు."

చూశారా! ఈ దేశంలో నన్ను సీరియస్‌గా తీసుకున్న మొదటి మనిషి! పరుగున వెళ్లి తెచ్చిచ్చాను. ఆవిడేమో గొట్టం పొడవునా పసుపు రాశారు. కుంకుమ తడిపి పిస్టల్‌కీ, హోల్‌స్టర్‌కీ రూపాయి బిళ్లంత బొట్లు పెట్టారు. దోసిలితో అక్షింతలు కుమ్మరించారు. ట్రిగ్గర్ దగ్గర దారంతో ఒక చామంతి పువ్వు కట్టారు. నిమ్మకాయ కూడా కడతానంటే, బరువవుతుందండీ అని నేనే వద్దన్నాను.

"సాయంత్రం దీపం పెట్టేదాకా తుడవకూడదు సుమండీ," అన్నారు.

అప్పుడు వంటింట్లోంచి పద్మజ కేక. ఆవడలు వేసింది, తీరా చూస్తే ఇంట్లో పెరుగు లేదు!

"నేను తెస్తా," అన్నాను.

"అలాగే ఆయుధం కట్టుకుని వెళ్లి రండి బాబూ. దసరా నాడు శుభం," అన్నారు అత్తయ్యగారు. నేను ఇన్నాళ్లూ మా పెరడు దాటించలేదు దాన్ని. ఇంతకన్నా మంచి ముహూర్తం ఇంకెప్పుడొస్తుంది?

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. దాన్ని నడుముకి పెట్టుకుని కార్లో కూర్చోవాలంటే వేరే పర్మిట్ కావాలి. గ్యారీకి ఉంది, నాకది లేదు. కాబట్టి నడిచే వెళ్లాలి. రెండోది, బట్టల కింద దాచడానికి కూడా ఆ పర్మిటే కావాలి, పైకి కనపడాల్సిందే. నేనున్నదేమో పూజకి వేసుకున్న తెల్ల లాల్చీ పైజమాలో. ఏం చేశాను? లాల్చీ మీదే బెల్టు బిగించాను! నవ్వండి, నవ్వండి. చట్టాన్ని అంత శ్రద్ధగా పాటించినవాడు నోవైలో ఇంకొకడుంటే చూపించండి.

అసలు మన ఊళ్లో రోడ్డు మీద నడిచేవాడెవడు? కుక్క ఉన్నవాడు, లేదా కారు చెడిపోయినవాడు. నేను రెండూ కాదు. అయినా ఛాతీ విరుచుకుని నడిచాను. ఎదురుగా ఒకావిడ ఉన్ని బంతిలాంటి కుక్కపిల్లతో వస్తోంది, మా వెనక వీధే. నన్ను చూసింది, నడుము చూసింది, టక్కున రోడ్డు దాటి అవతలికి వెళ్లిపోయింది. ఆహా, దారి ఇస్తున్నారు! జాగింగ్ చేస్తూ వస్తున్న ఒకతను నన్ను చూసి గిర్రున వెనక్కి తిరిగి, వచ్చినదానికంటే స్పీడుగా పరిగెత్తాడు. ఒక కారు స్లో అయి, అద్దాలు పైకి లేచాయి. నేను పళ్లన్నీ కనపడేలా నవ్వి చెయ్యి ఊపాను. గ్యారీకి కూడా ఇంత మర్యాద జరగదే అని లోపల ఒకటే మురిసిపోయాను. ఎంత వెర్రివాణ్ణో చూడండి.

సన్నగా జల్లు మొదలైంది. మర్యాదల మత్తులో ఉన్నానుగా, పట్టించుకోలేదు.

ఇండియన్ స్టోర్‌లో కౌంటర్ దగ్గర ఎప్పుడూ ఉండే విమలగారే ఉన్నారు. నా నడుము వైపు చూసి ఆవిడ మొహం వాడిపోయింది.

"అయ్యో సుధాకర్‌గారూ, షుగరా? ఎప్పట్నుంచి? మా తమ్ముడిక్కూడా ఇలాగే నడుముకి ఇన్సులిన్ మిషను పెట్టారండీ, పాపం."

"షుగర్ కాదండీ. పిస్టల్."

"హమ్మయ్య! అయితే ఫుల్ ఫ్యాట్ పెరుగే తీసుకోండి."

అంతే! పెద్ద డబ్బా తెచ్చి ముందు పెట్టింది. పిస్టల్ అన్నాక మనిషి కనీసం కనురెప్ప ఆర్పలేదు. నాకు మండిపోయింది. బయటికొస్తుంటే వెనక నుంచి, "లాల్చీ చూసుకోండి, కుంకుమ కారింది. వేడినీళ్లు తగలనివ్వకండి, మరక పోదు," అంది.

కిందికి చూసుకుంటే ఏముంది! నడుము నుంచి మోకాలి దాకా ఎర్రటి ధార. తెల్ల బట్టలు, పక్కన తుపాకీ. విమలగారికి అది కుంకుమ. మరి పార్కింగ్ లాట్‌లో ఉన్నవాళ్లకి ఎవరు చెప్తారు?

ఎవరూ చెప్పలేదు. తలుపు తోసుకుని బయట అడుగు పెట్టానో లేదో, ఎదురుగా పోలీసు కార్లు. కార్ తలుపుల వెనక నుంచి నా మీదికి గురిపెట్టిన తుపాకులు. వాటికి బొట్లు లేవు.

"హ్యాండ్స్ అప్! నౌ!"

పెరుగు డబ్బాతో సహా ఎత్తాను. నిజం చెప్తున్నా, అప్పుడు నాకేమీ సరదాగా లేదు. పిస్టల్‌లో బుల్లెట్లు లేవని చెప్పాలి, కానీ దాని వైపు చెయ్యి చూపించానా, అయిపోయాను. ఇన్నేళ్లుగా మీటింగుల్లో దంచిన ఇంగ్లీషంతా ఎటు పోయిందో తెలీదు. చచ్చిపోతానని భయమేసింది. లాల్చీ మీద బెల్టు పెట్టుకుని, ఆవడల పెరుగు కోసం వచ్చి చచ్చిపోతానా అని ఏడుపొచ్చింది. చివరికి నా నోట్లోంచి వచ్చిన మాట ఏంటయ్యా అంటే, "సర్! ఓన్లీ కుంకుమ, సర్!"

"హూ ఈజ్ కుంకుమ? ఈజ్ షీ హర్ట్?"

భగవంతుడా!

డబ్బా మెల్లగా కింద పెట్టమన్నారు. నా వణుకులో మెల్లగా ఎక్కడ? అది జారి పగిలి పెరుగంతా నేల మీద పరుచుకుంది. నన్ను మోకాళ్ల మీద కూర్చోబెట్టారు, ఆ పెరుగులోనే. కుర్ర ఆఫీసర్ ఒకడు వెనకగా వచ్చి నా పిస్టల్ లాగాడు. దాని పైభాగం వెనక్కి లాగి లోపల చూశాడు. బుల్లెట్లకి బదులు జలజలా అక్షింతలు రాలాయి. అతని గ్లవ్స్ నిండా పసుపు. అరచేతిలో గింజలకేసీ, చామంతికేసీ కాసేపు చూశాడు.

"ఈజ్ దిస్... రైస్?"

"బ్లెస్డ్ రైస్, సర్."

"వేర్ ఈజ్ ది యామ్యునిషన్?"

"విత్ మై వైఫ్, సర్."

ఆ కుర్రాడు పెదవి కొరుక్కున్నాడు. పక్కనున్న పెద్దాఫీసర్‌కి మాత్రం నమ్మకం కుదరలేదు. డ్రైవర్ లైసెన్స్ చూశాడు, పిస్టల్ కాగితాలు చూశాడు. సిటిజన్నని ఎవరూ అడక్కపోయినా చెప్తూనే ఉన్నాను. అన్నీ చూసి, అన్నీ విని కూడా ఇంకా నా చేతులకేసే చూస్తున్నాడు.

అప్పుడు అటుగా వెళ్తున్న గ్యారీ పికప్ ట్రక్ వచ్చి ఆగింది. దిగాడు. నిక్కరు, గడ్డం, నడుముకి పిస్టల్! పోలీసుల మధ్యలోంచి తాపీగా నడుచుకుంటూ వచ్చాడండీ. ఒక్కడి చెయ్యి కదిలితే ఒట్టు.

"హే గ్యారీ!" అన్నాడు పెద్దాఫీసర్.

"హే. దట్స్ సూ. మై నెయిబర్. గుడ్ గై."

అయిపోయింది! అంతటితో నన్ను లేపి నిలబెట్టారు. నా లైసెన్స్, నా కాగితాలు, నా సిటిజన్‌షిప్ ఇవేవీ చేయలేని పని గ్యారీ ఒక్క ముక్కతో చేసేశాడు. అంటే ఏమైంది? నడుముకి పిస్టల్ ఉన్న మనిషి వచ్చి, నడుముకి పిస్టల్ ఉన్నంత మాత్రాన నేను ప్రమాదం కాదని హామీ ఇచ్చాడు. ఇందులో తిరకాసు నాకు తప్ప అక్కడ ఇంకెవరికీ కనపడలేదు.

పెద్దాఫీసర్ మర్యాదగానే మాట్లాడాడు. "గాయమైన మనిషెవరో గౌను వేసుకుని గన్‌తో తిరుగుతున్నాడని కాల్స్ వచ్చాయి సర్. చట్టప్రకారం మీ తప్పేమీ లేదు, బట్..." అన్నాడు. ఆ బట్ దగ్గరే ఆగిపోయి, పిస్టల్ నా చేతికిచ్చి, కారెక్కి వెళ్లిపోయాడు.

నా పిస్టల్‌ని ట్రక్కు వెనక పెట్టెలో పడేసి, గ్యారీ నన్ను మా ఇంటి దగ్గర దింపాడు. పద్మజ ఇప్పుడు పగలబడి నవ్వుతోంది గానీ, ఆ రోజు నవ్వలేదు. జరిగింది వింటూ లాల్చీ మీద ఎరుపు చూసి గుమ్మంలోనే కూలబడిపోయింది. కుంకుమేనని తనకి తెలుసు. తెలిసినా నా చెయ్యి పట్టుకుని ఎంతసేపటికీ వదల్లేదు.

అత్తయ్యగారు అంతా విన్నారు. "నిమ్మకాయ కట్టమన్నానా? వద్దన్నారు! దిష్టి కొట్టింది," అని తేల్చేసి, "ఇంతకీ పెరుగేది?" అన్నారు. అంతలో ఆవిడ చూపు గుమ్మంలో నిలబడ్డ గ్యారీ నడుము మీద పడింది.

"అయ్యో పాపం! ఈ అబ్బాయి ఆయుధానికి బొట్టే లేదు!"

వద్దనేలోపే కుంకుమ భరిణె వచ్చేసింది. పసుపు, బొట్టు, అక్షింతలు, చామంతి. ఈసారి నిమ్మకాయ కూడా. గ్యారీ కళ్లలో నీళ్లు తిరిగాయి. "దిస్ ఈజ్ యాన్ ఆనర్, మామ్," అంటూ ఆవిడకి వంగి దణ్ణం పెట్టాడు.

ఇక అక్కణ్ణుంచి ఆయన ఆ బొట్టు తుడిస్తేగా! దాంతోనే గడ్డి కోశాడు, దాంతోనే హార్డ్‌వేర్ షాపుకెళ్లాడు. నన్ను చూసి రోడ్డు దాటిన కుక్కపిల్లావిడ ఆయన నడుము మీదికి వంగి మరీ, "ఓ మై గాడ్ గ్యారీ, సో బ్యూటిఫుల్!" అనడం ఈ చెవులతో విన్నాను. అసోసియేషన్ మీటింగ్‌లో ఆ బొట్టు చూపించి మన కల్చర్ మీద చిన్న స్పీచ్ కూడా ఇచ్చాడు. చప్పట్లు! అదే కుంకుమ, అదే అత్తగారి చెయ్యి, అదే మోడల్ పిస్టల్. నడుమే వేరు.

నా పిస్టల్ ఇప్పుడు బుల్లెట్ల పక్కనే పద్మజ లాకర్‌లో ఉంది. నా నడుముకి సెల్‌ఫోన్ పౌచ్. నిన్న వాకింగ్‌లో ఆ కుక్కపిల్లావిడ ఎదురైనప్పుడే ఫోన్ మోగింది. ముందు రెండు చేతులూ పైకెత్తాను. "మేడమ్, ఇది ఫోన్. ఇప్పుడు తీస్తున్నాను," అని చెప్పి, రెండు వేళ్లతో మెల్లగా తీశాను. ఆవిడ నవ్వి తలూపింది.

ఫోన్‌లో అత్తయ్యగారు. "బాబూ, పెరుగు అయిపోయింది. మీరు తెస్తారా, గ్యారీని పంపమంటారా?"

గ్యారీనే పంపమన్నాను.