యాంటీ అంటే వ్యతిరేకం

మొన్న మా మనవరాలు పరీక్షకని యాంటీబయాటిక్, యాంటీసెప్టిక్, యాంటీడోట్ అంటూ ఇంగ్లీషు మాటలు బట్టీ పట్టి నాకు ఒప్పజెప్పబోతే, ముప్పై ఏళ్లు ఆ పాఠమే చెప్పి పింఛను తింటున్నదాన్ని, వినలేక పెరట్లోకి వెళ్లిపోయాను. మీలో నాలాగా పల్లెబళ్లలో పనిచేసిన వాళ్లుంటే ఇది మీకు చెప్పుకోవాలి.

తొంభైల చివర్లో పామిడి అవతల ఒక పల్లె హైస్కూల్లో పనిచేసేదాన్ని. ఊరు రెండు పార్టీలు. ఎదుటి పార్టీని అందరూ యాంటీవాళ్లనే అనేవారు. ఒకరి గడప ఒకరు తొక్కరు, టీ అంగళ్లు కూడా వేరు. నేను బాడుగకున్నది ఒక పార్టీ పెద్ద ఇంట్లో కాబట్టి నన్నూ అందులోనే కలిపేశారు. నీళ్ల కరువులోనూ ఇంటాయన నాకు రోజూ రెండు బిందెలు తగ్గనిచ్చేవాడు కాదు, ఆ రెండు బిందెలకే నేను అమ్ముడుపోయానని ఇప్పుడనిపిస్తుంది.

ఒకనాడు యాంటీ అంటే వ్యతిరేకమని బోర్డు మీద రాసి, తలా ఒక మాట తెమ్మన్నాను. మర్నాడు సగం క్లాసు యాంటీ పార్టీ అని రాసుకొచ్చి నవ్వుకున్నారు. అవతలి పార్టీ కూలివాళ్ల పిల్ల ఒకతె మాత్రం యాంటీవెనమ్ అని తెచ్చింది. అంతకు ముందేడు వాళ్ల మామ పాము కరిస్తే పామిడి ఆసుపత్రిలో ఆ సూదితోనే బతికాడట. క్లాసుచేత చప్పట్లు కొట్టించాను.

నెల తిరక్కముందే, ఒక ఆదివారం పొద్దున శనక్కాయ చేనులో కలుపు తీస్తున్న ఆ పిల్ల తల్లిని పాము కరిచింది. ఊళ్లో మోటారు బండి అంటే మా ఇంటాయన జీపొక్కటే. ఆ పిల్ల పరుగెత్తుకొచ్చి, గడప తొక్కకూడదు కాబట్టి వీధిలోనే నిలబడి నన్ను పిలిచింది.

"టీచర్, పామిడిలో మందుండాది. బిరీన పోతే మాయమ్మ బతుకుతాది. ఆయప్పనడిగి జీపు ఇప్పీండి."

లోపలికెళ్లి అడిగాను. ఆయన సంగటి తింటూ, తలెత్తకుండానే, "వాళ్లు మనకు యాంటీ కదమ్మా. ఈ పొద్దు జీపిస్తే రేపు మనోళ్ల కాడ నా మాట నిలుస్తాదా? నువ్వు ఊరికుండు" అన్నాడు. నేను ఊరుకున్నాను. అంతటితో ఆగినా బాగుండేది, బయటికొచ్చి జీపు చెడిపోయిందని ఆ పిల్లతో అబద్ధం చెప్పాను. గంట కిందట వాళ్ల గుడిసె ముందు నుంచే దుమ్ము రేపుకుంటూ వచ్చిన జీపు అది. ఆ పిల్ల జీపు వైపు చూసి, నా వైపు చూసి, వచ్చిన దారినే పరుగెత్తింది.

ఎద్దులబండిలో వేసుకుని పోయారు. పెన్నేటి ఇసుక దాటకముందే ఆమె ప్రాణం పోయింది. పిల్ల మళ్లీ బడికి రాలేదు. నేను ఇల్లు మారలేదు, ఆ రెండు బిందెల నీళ్లూ తాగుతూనే ఉన్నాను. ఛీ, ఏం మనిషిని నేను.

పదేళ్లు తిరక్కముందే ఆ రెండు పార్టీల పెద్దలూ ఒకే పార్టీలో చేరారు, తర్వాత వియ్యంకులూ అయ్యారు. అప్పటికి ఆ ఊరికి ఫోను చేస్తే అంబులెన్సు కూడా వస్తోంది. ఆ పెళ్లికి నన్నూ పిలిచారు. ఇద్దరూ ఒకే పంక్తిలో పక్కపక్కన కూర్చుని, ఒకరి ఆకులో ఒకరు నెయ్యి వేయిస్తూ తిన్నారు. ఊళ్లో ఇక యాంటీవాళ్లంటూ ఎవరూ లేరు, దేనికోసం అంతగా కొట్టుకున్నారో చెప్పగలిగినవాళ్లూ లేరు. పప్పు వడ్డిస్తూ వచ్చిన పడుచు నా ఆకు ముందు వంగి, నెమ్మదిగా, నాకొక్కదానికే వినపడేలా అడిగింది.

"టీచర్, జీపు బాగైనాదా?"