సన్న టైరుకు లావు ట్యూబు

కొత్తగ జీతం అందుకునే వయసుల మనిషికి దేని మీదా అనుమానం ఉండదు. నాకైతే అస్సలు లేకుండె. మా బాపుది దిల్‌సుఖ్‌నగర్‌ల రెడీమేడ్ బట్టల దుకాణం. గల్లా పక్కన కూసోని పెరిగినోణ్ణి, సరుకు ఎట్ల కొనాల్నో నాకొకరు చెప్పాల్నా? మా ఇంట్ల ఏది కొన్నా ఒక సైజు పెద్దదే. (పదో తరగతిల కొన్న ప్యాంటు నాకు డిగ్రీల సరిపోయింది.)

అప్పుడే ఒక సెకండ్‌హ్యాండ్ రోడ్ బైక్, అంటే రేసు సైకిలు, కొన్న. సన్నటి టైర్లు, వంకర హ్యాండిలు. దాన్ని చూసినప్పుడల్లా బాపుకు మంట. "గీ పుల్లల సైకిలేందిరా? పోచంపల్లిల మీ మేనత్త ఇంటిదాంక తొక్కు, చూస్త. నడుమ ఆగినవా, దాన్ని అమ్మి స్కూటర్ కొంటవు" అన్నడు. "ఆదివారం పది గొట్టేసరికి అత్తమ్మ ఇంట్ల ఉంట" అన్న. సైకిలు పోతదేమోనని లోపల గుబులే గని, మాట మాత్రం గట్టిగనే వచ్చింది.

వెనక ట్యూబుకు అప్పటికే మూడు అతుకులుండె. కొత్తది కొందామని సరూర్‌నగర్‌ల సైకిల్ దుకాణానికి పోయిన. ఓనరు కోస్తా దిక్కు పెద్దమనిషి, టైరు మీది నంబరు చదివి, "ఇరవై ఐదండి. ఈ సన్నది తీసుకోండి, డబ్బా మీద అదే నంబరుంది" అన్నడు.

"ఆ పక్కది లావుగుంది గదా, అదియ్యుండ్రి. గట్టిగుంటది."

"అది వెడల్పు టైర్లకండి బాబూ. మీ దాంట్లో పట్టదు."

"పట్టకపోతే పట్టిస్త!"

ఆయన నా దిక్కు జాలిగ చూసి ఇచ్చేసిండు. ఇంట్ల కూసోని, బొటనవేళ్లు వాచేదాంక దాన్ని టైరు లోపలికి కుక్కిన.

ఆదివారం తెల్లారంగనే బయలెల్లిన. ఎల్బీ నగర్ చౌరస్తాల బస్సుల కోసం నిలవడ్డోళ్లల్ల సగం మంది మా బాపును ఎరిగినోళ్లే. చూడనీ అని, నడుము వంచి జర ఫోజు కొట్టిన. ఢామ్మని సప్పుడు! ఒకాయన "అమ్మో, గ్యాసు బండ!" అని సంచి ఇడిచిపెట్టి ఉరికిండు. పేలింది నా వెనక ట్యూబే. మావోళ్లెవరో ఫోన్ కొట్టినట్టుంది, పావుగంటల బాపు స్కూటర్ మీద దిగిండు.

తిట్టలే. ట్యూబు బయటికి గుంజి, బట్ట చూసినట్టు రెండు వేళ్ల నడుమ రాసి చూసిండు. "మడత పడ్డది, మడతకాడనే పగిలింది. ఎవడిచ్చిండు గింత లావుది?"

"నేనే అడిగిన బాపు. మన ఇంట్ల ఒక సైజు పెద్దదే కొంటం గదా..."

"అది పిల్లలు పెరుగుతరని రా! నీ చక్రం పెరుగుతదా?"

బస్సుల కోసం నిలవడ్డోళ్లంత ఒకటే నవ్వుడు. సిగ్గుతోని సచ్చిపోయిన. "ఇగ అమ్ముడేనా?" అని అడిగిన.

బాపు సైకిలు దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "తప్పు నీది, దానిదేం లేదు. వచ్చే ఆదివారం మళ్ల పో" అన్నడు.

సన్న ట్యూబు ఏపిచ్చుకోని, ఆ ఆదివారం పదికి ముందే అత్తమ్మ వాకిట్ల దిగిన. గెలిచిన్నని రొమ్ము విరుచుకోని లోపలికి పోతే, ఆమె నీళ్లన్న ఇయ్యకముందే చేతిల ఫోన్ వెట్టింది. "ముందుగాల మీ బాపుతోని మాట్లాడు. తెల్లారినకాంచి పోరడు వచ్చిండా, పోరడు వచ్చిండా అని నా పానం తీస్తుండు!"

నేను ఓడిపోతే చూడాల్నని ఆయన ఎదురుచూస్తుండని అప్పటిదాంక నమ్మిన. గంత తెలివిగల్లోణ్ణి నేను! ఇప్పుడు యాదికొస్తే నవ్వొస్తది, జర కండ్లు గూడ తడుస్తయి.