పదకొండో నిమిషంలో జారిన కాలు

కుర్ర డాన్సర్లు ఆమెను చాటుగా నోట్‌బుక్కమ్మ అనేవారు. అరవై దగ్గరపడ్డా ఒక్కచోట కుదురుగా కూర్చునే మనిషి కాదు. బస్సులో సీటు దొరికినా మడమలు తాళం వేస్తూనే ఉండేవి. ఇరవై రెండేళ్లు టీచరమ్మ బృందంలో ఆడింది. టీచరమ్మ పోయాక, ఆవిడ కూర్చిన నృత్యాలను కొత్తవాళ్లకు నేర్పి మళ్లీ వేదిక ఎక్కించే పని నెత్తికెత్తుకుంది. అందుకు ఆధారం నోట్‌బుక్కుల్లో తను రాసుకున్న రాతలు, కొన్ని వీడియో టేపులు, ఒంట్లో మిగిలిన జ్ఞాపకం.

ఈసారి నేర్పేది టీచరమ్మ కూర్చిన ఆఖరి నృత్యం, ఆరుగురు ఆడేది. ఒక్కసారే ప్రదర్శించారు, ఒక్కటే టేపు ఉంది. పదకొండో నిమిషంలో, నడుస్తున్న స్త్రీ ఉన్నట్టుండి ఎడమ మోకాలి మీద కూలి, అరచెయ్యి నేలకానించి వెనక్కి చూస్తుంది. అప్పట్లో ఆ పాత్ర ఆడింది నోట్‌బుక్కమ్మే. ఇప్పుడు దాన్ని నేర్చుకుంటున్న అమ్మాయి టేపు చూసి ఆ కూలడాన్ని అచ్చుగుద్దినట్టు దించేసింది. దించి, ఇక్కడ టీచరమ్మ ఉద్దేశం ఏమిటని అడిగింది.

"మోయలేని బరువు" అని నోటికొచ్చింది చెప్పేసింది ఆమె.

ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఆ వారంలో రెండుసార్లు దిగాల్సిన స్టాపు దాటిపోయింది. ఏమైందని భర్త నిలదీస్తే బయటపెట్టింది.

"అది స్టెప్పు కాదండీ. ఆ రోజు నేను జారిపడ్డాను."

మరి అప్పుడావిడ ఏమన్నారని ఆయన అడిగాడు. ఏమీ అనలేదు. ఆ నెలలోనే మంచం పట్టింది, మళ్లీ లేవలేదు.

మర్నాడు టీచరమ్మ కూతురికి ఫోన్ చేసింది. నృత్యాలకు అనుమతి ఇచ్చేది ఆవిడే. అంతా విని కూతురు తనకు తెలిసింది చెప్పింది.

"అమ్మ మంచంలో ఆ టేపే చూసేది పిన్నీ. అక్కడ ఆపి, వెనక్కి తిప్పి, మళ్లీ చూసేది. నచ్చి చూసిందో నచ్చక చూసిందో నాకు తెలీదు. నువ్వే చూసుకో."

టీచరమ్మ తనకు నోటితో చెప్పి నేర్పిందే నిలబెట్టాలని నోట్‌బుక్కమ్మ తేల్చుకుంది. రిహార్సల్ హాల్లో అందరినీ కూర్చోబెట్టి నిజం చెప్పింది. ఎవరూ నవ్వలేదు. తనకు మొదట నేర్పినట్టే, ఆగకుండా నేరుగా నడిచిపోవడం నేర్పింది. అమ్మాయి త్వరగానే పట్టుకుంది గానీ, ఆ చోటికి రాగానే అడుగు ఒక్క క్షణం తటపటాయించేది.

ప్రదర్శన రోజు ఆ స్త్రీ కూలలేదు. చప్పట్లు బాగానే మోగాయి. తెర వెనక్కి వచ్చిన కూతురు అంతా బాగుందంటూనే, "అక్కడ మాత్రం ఏదో తగ్గినట్టుంది పిన్నీ" అంది.

"తగ్గింది నేనేనమ్మా. నేను జారిపడటమే."

పై వారం ఇదే నృత్యం నేర్పమని ఇంకో బృందం పిలిచింది. కూలడం నేర్పాలో, నేరుగా నడిచిపోవడం నేర్పాలో ఇంకా తేలకుండానే సంచి సర్దుకుంది.